మార్పేమీ లేదని రాసిన దరఖాస్తు

పేటెంటు ఆఫీసు నుంచి వచ్చిన మూడో ఉత్తరాన్ని మిషనక్క నూనె చేతులతోనే చింపింది. మొదటి పేజీ చదివింది. రెండో పేజీ తిప్పింది. మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. చివరికి దాన్ని, బల్ల మీద తలకిందులుగా పడుకోబెట్టిన కుట్టుమిషను పొట్ట మీద పెట్టి నిట్టూర్చింది.

"ఇదేం భాషే తల్లీ? అక్షరాలన్నీ మనవే. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు."

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న చెల్లెలి కూతురు ఉత్తరం అందుకుంది. డిగ్రీ చదువుతున్న ఆ పిల్లే ఏడాదికి పైగా ఈ వ్యవహారానికి రాయసగత్తె.

"‘దరఖాస్తుదారు స్వయంగా సమర్పించిన పత్రికా కథనం దృష్ట్యా సదరు ఆవిష్కరణలో కొత్తదనం లోపించినట్లు భావించడమైనది’ అంటున్నారు పెద్దమ్మా."

"అంటే?"

"నీ గార్డు కొత్తది కాదట."

"కొత్తది కాకపోతే ఎవరిదట? వాళ్ల తాత చేశాడా?"

"నువ్వే చేశావట. చేసి పేపర్లో వేయించావట. పేపర్లో వచ్చిన ఏడాదిన్నరకు దరఖాస్తు పెట్టావు కాబట్టి, పెట్టేనాటికే అది పాతదైపోయిందట. ఇరవై మూడో తారీఖున విచారణకు రమ్మన్నారు."

మిషనక్క స్క్రూడ్రైవరుతో మిషను పొట్టలో ఏదో బిగించింది. బిగించినదాన్నే మళ్లీ విప్పింది.

"అది నాదేనని చెప్పడానికేగా ఆ పేపరు ముక్క పెట్టాం? పెట్టమన్నదీ వాళ్ల గేటు దగ్గర కూర్చునే మనిషేగా?"

ఆమె అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన పోయాక దుకాణమూ, గోడకు వేలాడే పనిముట్లూ, ఆయన గిరాకీలూ ఆమెకే వచ్చాయి. దుకాణం ఎంతంటే, ఇద్దరు గిరాకీలు ఒకేసారి వస్తే ఒకరు మెట్టు మీదే నిలబడాలి. గోడ పొడవునా డబ్బాలు, డబ్బాల నిండా సూదులు, బాబిన్లు, తోలు బెల్టు ముక్కలు, ఎందుకూ పనికిరావని తెలిసినా పారేయలేని స్క్రూలు. చేతిలో పడ్డ మిషను చప్పుడు విని దాని రోగం చెప్పేయగలదు. అందుకే ఆ వీధికి ఆమె మిషనక్క.

ఆమె చేసిన వస్తువు అరచేతిలో పట్టేంత చిన్నది. చొక్కాల ఫ్యాక్టరీల్లో కరెంటు మిషన్ల మీద కుట్టే ఆడవాళ్లకు వేళ్లలో సూది దిగడం కొత్త కాదు. సూది ముందు అడ్డంగా ఉండటానికి ఒక తీగ కంపెనీవాళ్లే ఇస్తారు. కానీ దారం ఎక్కించాలన్న ప్రతిసారీ అది అడ్డమే. రెండు రోజులు చూసి మూడో రోజు దాన్ని ఊడబీకి సొరుగులో పడేస్తారు. మిషనక్క చేసిన తీగ అలా కాదు. బట్టను అదిమిపట్టే పాదాన్ని పైకెత్తితే తీగ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. పాదం దించితే తనంతట తానే వచ్చి సూది ముందు నిలబడుతుంది. ఊడబీకాల్సిన అవసరమే లేదు.

అది చేసిన వారానికే ఒక పేపరు విలేఖరి వచ్చి, మిషన్లు బాగుచేసే ఆడమనిషంటూ సగం పేజీ రాశాడు. తీగను చెంప పక్కన పట్టుకుని ఆమె నవ్వుతున్న ఫొటో వేశాడు. అది ఎలా పనిచేస్తుందో ఆమె పూసగుచ్చినట్టు చెబితే, ఆయనా పూసగుచ్చినట్టే రాశాడు. ఆమె దాన్ని కత్తిరించి లామినేషన్ చేయించింది.

ఆ తర్వాత నెలకు, చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టే ఆమె సొంత చెల్లెలి వేలిలోనే సూది దిగింది. అదీ ఆ తీగ బిగించిన మిషను మీదే. ఎడమచేతి చూపుడువేలు, గోరు మీంచి కిందిదాకా. గార్డు ఉండి కూడా వేలు పెట్టిందంటే ఎంత పరధ్యానమో అని ఫ్యాక్టరీలో అంతా నోళ్లు నొక్కుకున్నారు. సూపర్‌వైజరు ఆమెను పద్నాలుగో నంబరు మిషను మీంచి లేపి, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే చాలు, మిషనక్క కింద పడ్డ స్క్రూ ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టేది.

ఇక ఆఫీసు చుట్టూ తిరగడం సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు కిటికీలోని మనిషి తలెత్తకుండానే "పేరా, వస్తువా?" అని అడిగాడు.

"రెండూ నావేనండీ," అంది మిషనక్క.

ఆయన మొదట చేతికి తగిలిన ఫారం ఇచ్చాడు. పెద్దమ్మా, అమ్మాయీ కష్టపడి నింపారు. నాలుగు నెలల తర్వాత తెలిసింది, అది వస్తువుకు కాదు, పేరుకు. ‘మిషనక్క గార్డు’ అన్న పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయడం కుదరదని జవాబు వచ్చింది. మిషను అందరూ వాడే మాట, అక్క అందరూ వాడే మాట, గార్డూ అందరూ వాడే మాటే. అందరి మాటల్ని ఒక్కరికే రాసివ్వలేమన్నారు.

"మూడూ అందరివే. మూడూ కలిపితే నేనే కదా!" అని మిషనక్క కిటికీ దగ్గర మొత్తుకుంది.

"వస్తువు సంగతైతే మూడో అంతస్తమ్మా," అన్నాడు కిటికీ మనిషి.

మూడో అంతస్తులో ఇచ్చిన ఫారం పదకొండు పేజీలు. దాన్ని చూసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గేటు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని ఫారాలు నింపే పెద్దాయన ఆదుకున్నాడు. ఆయన ముప్ఫై ఏళ్లుగా పక్క భవనంలోని భూముల ఆఫీసుకే కాగితాలు రాస్తున్నాడు. స్థలం తగాదాల్లో ఆరితేరినవాడు.

"మీదేనని చెప్పే ఆధారం ఏముందమ్మా? ఎంత పాతదైతే అంత బలం," అన్నాడు.

మిషనక్క గర్వంగా లామినేషన్ కాగితం తీసింది.

"అదిరిపోయింది. దీన్ని మించింది లేదు. మరి అప్పటికీ ఇప్పటికీ వస్తువులో మార్పులేమైనా ఉన్నాయా? ఉన్నాయన్నారో, ఇది వేరు, అది వేరు అని మెలిక పెడతారు."

"మార్పేమీ లేదండీ. పాతదే," అంది మిషనక్క టకీమని.

ఆ మాట అబద్ధం. చెల్లెలి వేలిలో సూది దిగాక మూడు నెలలు కూర్చుని ఆ తీగకు గుండెకాయలాంటి భాగాన్నే మార్చేసింది. కానీ ఆ జవాబు ఆమె ఆలోచించి చెప్పింది కాదు. ఆ వృత్తిలో పుట్టి పెరిగినవాళ్ల నోట అదొక్కటే వస్తుంది. మిషను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లకు మార్పంటే గిట్టదు. ఏదో మార్చామంటే, మంచి భాగం కాజేసి నకిలీది వేశారనుకుంటారు. అమ్మమ్మనాటి మిషను అమ్మమ్మనాటిలాగే పలకాలి. అందుకే లోపల సగం కొత్తది వేసినా పైకి మాత్రం "ఏమీ మార్చలేదండీ, పాతదే, కాస్త సర్దాను" అనాలి. తండ్రి ఆమెకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం కంటే ముందు నేర్పిన మాట అది. ఫారంలో మూడు చోట్ల అడిగారు. మూడు చోట్లా ‘మార్పేమీ లేదు’ అని రాయించింది.

అలా వెళ్లిన దరఖాస్తుకు వచ్చిన మూడో ఉత్తరం ఇది.

విచారణకు నాలుగు రోజుల ముందు విడిభాగాల వ్యాపారి దుకాణానికి వచ్చాడు. పేటెంటు చేతికొస్తే, ఆమె దగ్గరుండి సరిచూసేటట్టు, ఆమె గుర్తుతో వేలకొద్దీ గార్డులు చేయిస్తానని మొదట మాటిచ్చినవాడే. జేబులోంచి ఒక తీగ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ కాగితం ఇప్పట్లో వచ్చేలా లేదక్కా. ఫ్యాక్టరీలవాళ్లు నా మీద పడుతున్నారు. పేపర్లో ఫొటో చూసి మావాడు ఒకటి వంచాడు. ఎలా ఉంది?"

మిషనక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. గుండ్రంగా చుట్టిన స్ప్రింగు. మొదటి నమూనా, అచ్చు గుద్దినట్టు. దాన్ని వ్యాపారి వైపు తోసేసింది.

"ఇది వద్దు. చేయించకు."

"ఎందుకొద్దు? నువ్వు చేసిందేగా?"

"నాదే. అయినా వద్దు."

"మార్పేమీ లేదని నువ్వే కదా ఆఫీసుకు రాసిచ్చావు? మీ అమ్మాయే చెప్పింది." వ్యాపారి నవ్వాడు. "చూడక్కా, నీ పేటెంటు వచ్చిందా, నీ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతాను. రాలేదా, ఇది అందరిదీ. నేను కాకపోతే ఇంకొకడు. విచారణ అయ్యేదాకా ఆగుతాను, సరేనా?"

ఇరవై మూడో తారీఖున పెద్దమ్మా, అమ్మాయీ మూడో అంతస్తు బల్ల మీద మూడు గంటలు కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద ‘మీ ఆలోచన, మీ హక్కు’ అని బోర్డు. దాని కింద పనిచేయని ఫ్యాను. పక్కన కూర్చున్న ఒకాయన తను కనిపెట్టిన నీళ్ల కుళాయి కోసం ఆరేళ్లుగా తిరుగుతున్నానని చెప్పాడు. అంత సంతోషంగా ఎందుకు చెప్పాడో ఇద్దరికీ అర్థం కాలేదు.

లోపల అధికారి బల్ల మీద ఆమె ఫైలు రబ్బరు బ్యాండు కట్టి ఉంది. ఆయన దాన్ని విప్పి లామినేషన్ కాగితాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు.

"ఇలాంటివి పట్టుకోవడానికి మేం నెలల తరబడి వెతుకుతామమ్మా. మీరు లామినేషన్ చేయించి మరీ ఇచ్చారు."

"తడవకుండా ఉంటుందనండీ."

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక దగ్గాడు.

"ఈ ఫొటోలో ఉన్నదీ, మీరు పేటెంటు అడుగుతున్నదీ ఒకటే కదా?"

"ఒకటేనని రాశాంగా."

"మూడు చోట్ల రాశారు. అదే ఇబ్బంది. ఒకటే అయితే, ఆ రోజు పేపరు కొన్న ప్రతివాడికీ ఇది తెలిసిపోయింది. అందరికీ తెలిసినదానికి పేటెంటు ఇవ్వం."

"వాళ్లకు తెలిసింది నా వల్లేగా!"

"అవును. మీకు అడ్డం మీరే."

"ఇదెక్కడి చోద్యమండీ! నా ఇంటికి నేనే దొంగనా?"

అధికారి ఓపిగ్గా ఫైల్లోంచి బొమ్మ తీశాడు. అది అమ్మాయి గీసింది, దుకాణంలో ఉన్న గార్డును ఎదురుగా పెట్టుకుని, స్కేలుతో కొలిచి. ఆయన బొమ్మనూ ఫొటోనూ పక్కపక్కన పెట్టి భూతద్దం పట్టాడు.

"ఫొటోలో చుట్టిన స్ప్రింగు కనపడుతోంది. మీ బొమ్మలో అది లేదు. ఇక్కడేదో సన్నటి బద్ద ఉంది. ఇదేమిటి?"

"అదా... అదేం లేదండీ. పాతదే. కాస్త సర్దాను."

అమ్మాయి బల్ల కింద పెద్దమ్మ మోకాలు గిల్లింది. మిషనక్క కదల్లేదు. నలభై ఏళ్ల అలవాటు ఒక్క గిల్లుడుకు పోతుందా?

"సరే, పాతదే," అన్నాడు అధికారి కలం మూత తీస్తూ. "ఫొటోలోనిదే ఇదని రాసి, కొత్తదనం లేదని ఫైలు మూసేస్తాను. ఇక ఆ ఫొటో చూసి దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు."

"ఎవరూ చేయకూడదు!"

ఆ కేకకు పక్కగదిలోని టైపు చప్పుడు ఆగింది.

"ఎందుకు చేయకూడదు?"

"అది వేళ్లు తినేస్తుందండీ! పాదం దించగానే టప్పున వచ్చి కొడుతుంది. వేలు అక్కడుంటే వేలిని సూది కిందికి తోసేస్తుంది. అందుకే దాన్ని తీసేసి గడియారం స్ప్రింగు ముక్క, ఈ బద్ద, వేశాను. ఇది పాదం పూర్తిగా ఆనాకే మెల్లగా వాలుతుంది. వేలు అడ్డుంటే దాన్ని ఆనుకుని ఆగిపోతుంది, తోయదు. ఇదిగో చూడండి, మీ వేలు పెట్టండి!"

సంచిలోంచి పాదంతో సహా గార్డు తీసి ఆయన ముందు పెట్టింది. అధికారి నిజంగానే వేలు పెట్టాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి తన రెండో చేతి వేలు కూడా పెట్టి చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"తల్లీ, మొదటి ఉత్తరం నుంచి నేను అడుగుతున్నది ఇదే."

"మీరు ఇలా ఎక్కడ అడిగారండీ? ‘పూర్వ కళతో గల భేదాన్ని వివరించవలసినది’ అని రాశారు. మాకు పాటలూ నాట్యాలూ ఏం తెలుసు?"

"పూర్వ కళంటే అంతకుముందే ఉన్న వస్తువేనమ్మా," అంటూ ఆయన ఈసారి నవ్వేశాడు. నెల గడువిచ్చాడు. మొదటిదానిలో లోపమేమిటో, అది ఎప్పుడు, ఎలా బయటపడిందో, ఈ బద్ద దాన్ని ఎలా సరిచేసిందో వివరంగా రాసి సంతకం పెట్టి ఇవ్వమన్నాడు. బొమ్మలో బద్ద మొదటి నుంచీ ఉంది కాబట్టి ఆ ఒక్క భాగానికి పేటెంటు అడగవచ్చునన్నాడు. వస్తుందని హామీ మాత్రం ఇవ్వలేనని రెండుసార్లు చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం తలుపు సగం మూసి ఇద్దరూ కూర్చున్నారు. లోపమేమిటో అరగంటలో అయిపోయింది. బద్ద ఎలా పనిచేస్తుందో ఇంకో అరగంట.

"ఇప్పుడిది చెప్పు పెద్దమ్మా. లోపం ఎలా బయటపడింది?"

మిషనక్క వంగి బల్ల కింద వెతకసాగింది.

"ఏం పడింది?"

"స్క్రూ."

"ఏమీ పడలేదు. నేను చూస్తూనే ఉన్నా. చెప్పు."

మిషనక్క లేచి కూర్చుంది. అమ్మాయి వైపు కాకుండా డబ్బాల వైపు చూస్తూ చెప్పింది.

"మీ అమ్మ వేలు... తను జరపలేదే. తీగే తోసింది. నేను ఫ్యాక్టరీకి పరుగెత్తుకెళ్లి చూసేసరికే తెలిసిపోయింది, స్ప్రింగు వంకర తిరిగి ఉంది. ఎవరూ చూడకుండా తీగ ఊడదీసి జేబులో వేసుకున్నాను. మీ అమ్మ ఏడుస్తూ ‘అక్కా, నేనేమైనా చెయ్యి జరిపానా?’ అని అడిగింది. జరిపావన్నాను. పేపర్లో ఫొటో వచ్చి అప్పటికి నెలే. ఏం చేయను? నోటికొచ్చింది అనేశాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత... ఎప్పటికప్పుడు తర్వాతే."

అమ్మాయి కలం మూత పెట్టింది. ఆ పిల్ల ఏదో ఒకటి అంటే బాగుండునని మిషనక్కకు అనిపించింది.

"అమ్మకు నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది చివరికి.

వారం సెలవు శుక్రవారమే అయిన చెల్లెలు ఆ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఆమె వంటింట్లో నిలబడి ఉన్నారు. చీర నిండా రంగురంగుల దారప్పోగులు. దులుపుకుంటూనే మొత్తం విన్నది. విన్నాక దులుపుకోవడం ఆపింది.

"రెండేళ్లు," అంది.

"ఒసే, నేను..."

"నువ్వు మాట్లాడకు. రెండేళ్లు, అక్కా! పాలగిన్నె దించాలన్నా రెండు చేతులూ పెడుతున్నాను. కూర తరగాలంటే దీన్ని పిలుస్తున్నాను. నా చెయ్యి నా మాట వినదని అనుకున్నాను. అందరి ముందూ ఆ సూపర్‌వైజరు ‘గార్డున్నా వేలు పెట్టే మహాతల్లి’ అంటే తలదించుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు ఆరోజు. పక్కనే!"

"ఉన్నాను."

"మరి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? పేటెంటు కావాలి కాబట్టా?"

మిషనక్క దగ్గరున్న జవాబు ఆమెకే నచ్చలేదు. కళ్లొత్తుకుంది. చెల్లెలు ఆ కన్నీళ్లను పట్టించుకోకుండా కూతురి వైపు తిరిగింది.

"రాసుకో. ఆపరేటరు చెయ్యి కదపలేదు. తప్పు తీగది. తీగ చేసింది మా అక్క. తెలిసీ చెప్పలేదు. ఉన్నదున్నట్టు రాయి."

"అమ్మా, ఇది పేటెంటు కాగితం. ఇందులో అలాంటివి..."

"దాని మీద ఆఫీసు ముద్ర పడుతుందా, పడదా?"

"అందినట్టు పడుతుంది."

"చాలు. నాకో కాపీ కావాలి, ముద్రతో."

ఆఫీసుకిచ్చే వివరణలో నాలుగో పేరా అలా వచ్చింది. మిషనక్క దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది. మూడో అంతస్తు కిటికీలో ముద్ర వేసే గుమాస్తా, అందినట్టు ఒక్క కాపీకే వేస్తాను, రెండో కాపీకి వేయను, అలాంటి పద్ధతి లేదన్నాడు. మిషనక్క పద్ధతి కాగితం చూపించమంది. ఆయన అది రెండో అంతస్తులో ఉంటుందన్నాడు. రెండో అంతస్తులో ఆ కాగితం చూపించేవాడు సెలవులో ఉన్నాడు. మళ్లీ మూడో అంతస్తు. వెనక వరుసలో కుళాయి ఆయన "వేసేయండి సార్, మాకు పొద్దుపోతోంది" అని అరిచాక, గుమాస్తా రెండో కాపీ మీద ముద్ర గుద్దాడు. బల్ల అదిరింది.

ఆ కాపీ తీసుకుని చెల్లెలు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది. అతను చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఇదేదో వేరే ఆఫీసు కాగితం. మన మేనేజరు కాగితమైతే చదువుతాను," అన్నాడు. ఆమె దాన్ని మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. రోజూ తీసుకెళ్లేది, రోజూ తెచ్చేది. అక్కతో మాట్లాడాల్సి వస్తే "మీ పెద్దమ్మకు చెప్పు" అని కూతురితో అనేది. ఆ పెద్దమ్మ ఎదురుగానే ఉన్నా సరే.

ఏడు నెలలు గడిచాయి. వ్యాపారి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. పాత తీగ వేలు తింటుందని మిషనక్క ఇప్పుడు అతనికి నోరు తెరిచి చెప్పింది. చెప్పడమే కాదు, అతని నమూనాను దుకాణంలోని మిషనుకు బిగించి, వేలు బదులు క్యారెట్ ముక్క పెట్టి చూపించింది. అతను నమూనాల సంచి మూసుకుని, ఇంకొన్నాళ్లు ఆగుతానన్నాడు.

అప్పుడొచ్చింది నాలుగో ఉత్తరం. అమ్మాయి చదువుతూ చదువుతూ స్టూలు మీంచి లేచింది.

"ఇస్తారట పెద్దమ్మా! మొత్తం గార్డుకు కాదు. ఆ బద్దకూ, అది వాలే పద్ధతికీ. కానీ..."

"ఆ ‘కానీ’ లేకుండా వీళ్లకు ఉత్తరం పూర్తి కాదు కదా. చెప్పు."

"‘నాలుగో పేరాలోని విషయం ఆవిష్కరణకు సంబంధం లేనిదైనందున తొలగించవలెను. తొలగింపునకు సమ్మతి తెలుపుతూ జతపరచిన పత్రంపై సంతకం చేసి పదిహేను రోజుల్లో పంపవలెను.’"

మిషనక్క కూర్చున్నచోటే నిప్పులు కక్కింది. నిజం దాచినప్పుడు రాయమన్నారు, నిజం రాస్తే తీసేయమంటున్నారు! మార్పు లేదంటే తప్పన్నారు, ఇప్పుడు వాళ్లే మార్చమంటున్నారు! సంతకం పెట్టనంది. పదిహేను రోజుల్లో మూడు రోజులు అలా గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం, ఉత్తరమూ పత్రమూ పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది.

భోజనం గంట కొట్టారు. చెల్లెలు గోడ నీడలో డబ్బా విప్పుతూ ఆమెను చూసింది. చూడనట్టు ఒక ముద్ద తిన్నది. రెండో ముద్దకు చెయ్యి చాపి ఉత్తరం అడిగింది. చదివింది.

"నువ్వు తీసేయమంటేనే సంతకం," అంది మిషనక్క. "వద్దంటే వీళ్ల పేటెంటు వీళ్లనే ఉంచుకోమంటాను."

"పేటెంటు రాకపోతే ఆ వ్యాపారి ఇక ఆగడు, పాత తీగలే చేసి అమ్ముతాడు. ఇక్కడ నూట ఇరవైమంది వేళ్లున్నాయి." చెల్లెలు సంచిలోంచి తన కాపీ తీసి ముద్ర వైపు చూసుకుంది. "పెట్టు సంతకం. నా పేరా నా దగ్గరుంది."

ఏడు నెలల తర్వాత సూటిగా తనతోనే అన్న మాట అది. మిషనక్క ఏదో అనబోయి, మాట పాడైపోతుందేమోనని నోరు మూసుకుంది. గోడకు ఆనించి సంతకం పెట్టింది. కింద ఇంకో గీత కనిపించింది.

"సాక్షి సంతకమట. ‘సాక్షి దరఖాస్తుదారుకు బంధువు కారాదు. తొలగించబడు భాగమును పూర్తిగా చదివి సంతకం చేయవలెను.’ చచ్చాం! ఇప్పుడు బంధువు కానివాణ్ని ఎక్కడ తేవాలి?"

చెల్లెలు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, లేచి నిలబడింది. గేటు దగ్గర టీ తాగుతున్న సూపర్‌వైజరు వైపు చూసింది.

"సార్, ఒక్క నిమిషం. ఒక సాక్షి సంతకం కావాలి. ఇది మేనేజరు కాగితం కాదు, ప్రభుత్వం కాగితం. మీరే పెద్దమనిషి కదా అని అడుగుతున్నా."

పెద్దమనిషన్న మాటకు అతను గ్లాసు పక్కన పెట్టాడు. కలం తీశాడు.

"చదవకుండా పెట్టకూడదట సార్," అంది చెల్లెలు. ముద్ర పడిన కాపీలో నాలుగో పేరా మీద వేలు పెట్టి చూపించింది. గోరు వంకరగా మొలిచిన ఆ చూపుడువేలే.

అతను చదివాడు. పెదవులు కదిలిస్తూ, ఒక్కో మాటా. చివరికొచ్చి మళ్లీ మొదటికెళ్లాడు. మిషనక్క వైపు ఒకసారి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇది నిజమేనా?" అన్నాడు.

"నేనే రాసిచ్చాను," అంది మిషనక్క. "తప్పు నాది. ఆమె చెయ్యి కదపలేదు."

అతను సంతకం పెట్టి, కింద తారీఖు వేసి, కాగితం ఆమెకిచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగి, ఎవరి మొహమూ చూడకుండా చెల్లెలితో అన్నాడు.

"నెలాఖరుకు పెద్ద ఆర్డరుంది. పద్నాలుగో మిషను ఖాళీగానే పడుంది. రేపు శుక్రవారం సెలవు కదా, ఎల్లుండి నుంచి కూర్చో."

"ముందు కొత్త తీగ బిగించాలి సార్. బిగించాకే కూర్చుంటాను."

"బిగించండి, బిగించండి," అంటూ లోపలికెళ్లిపోయాడు.

అక్కాచెల్లెళ్లిద్దరూ కాగితం మీదికి వంగారు. ముందు మిషనక్కే చూసింది. చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏమైంది?"

"ఈ మహానుభావుడు సాక్షి గీత మీద పెట్టలేదే! పక్క గడిలో పెట్టాడు. అది అధికారి సంతకం పెట్టాల్సిన చోటు. ఇప్పుడు కొత్త ఫారం తేవాలి. మళ్లీ ఆ కిటికీ, మళ్లీ ఆ గుమాస్తా, మళ్లీ రెండో అంతస్తు. నా వల్ల కాదే బాబూ!"

చెల్లెలు ఆ కాగితాన్ని లాక్కుని తేరిపార చూసింది. ఆమె భుజాలు కదిలాయి. నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుదరలేదు.

"సరేలే. రేపు నాకెలాగూ సెలవే," అంది కళ్లు తుడుచుకుంటూ. "నేనూ వస్తాను. ఆ ముద్ర గుద్దే ఆయన్ని ఒకసారి చూడాలి."